నాలుగో మెట్టు

మేడ మీది గది నుంచి వీధిలోకి పదిహేడు మెట్లు. పదిహేనేళ్ళుగా ఎక్కి దిగుతున్నా బైండింగు మేస్త్రీ వాటిని ఎన్నడూ లెక్కపెట్టలేదు. నెల రోజుల పైనుంచి మాత్రం రోజుకు ఆరుసార్లు లెక్కపెడుతున్నాడు. బొగ్గు అనే ఇరవై ఎనిమిది కిలోల కుక్కను మోసుకుని మూడుసార్లు దిగాలి, మూడుసార్లు ఎక్కాలి.

రిజిస్టర్ల వెన్నుకు అంటించే గట్టి గుడ్డలోంచి వెడల్పాటి పట్టీ ఒకటి కత్తిరించి, అంచులు మడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టాడు. దాన్ని కుక్క పొట్ట కింద దూర్చి రెండు కొసలూ భుజం మీద వేసుకుంటే బరువు సగం భుజానికి పోతుంది. మిగతా సగం నడుం చూసుకుంటుంది. కుక్క కూడా బుద్ధిగా కదలకుండా వేలాడేది. కుడి వెనక కాలు మాత్రం ఎక్కడా తగలకుండా పొట్టకేసి ముడుచుకునేది.

మంగళవారం పొద్దున అలా దిగుతూ దిగుతూ మధ్యలో ఆగాడు. కింద మరదలు నిలబడి ఉంది. ఆమెకు రెండు కొట్ల అవతల బట్టలు కుట్టే షాపు. మెడలో టేపు, భుజం మీద వరసగా గుచ్చుకున్న గుండుసూదులు.

"ఏం బావా, దిగుతున్నావా, కునుకు తీస్తున్నావా?"

"బొగ్గుకి ఆయాసంగా ఉంది. కాస్త ఆగుదామని."

"ఎవరికీ?" అని సాగదీసింది మరదలు.

అనేశాక నాలిక కరుచుకుంది. అది ఆ ఇంటి పాత వేళాకోళం. మేస్త్రీ భార్య ఏదైనా తనకు కావాలని అడిగిన పాపాన పోలేదు. "బొగ్గుకి చలేస్తోంది, ఆ కిటికీ వెయ్యండి" అనేది. "బొగ్గు వీధి చివరిదాకా పోయొద్దామంటోంది" అనేది. కుక్క ఇంటికి రాకముందు ఆ పాత్ర చెల్లెలైన ఈ మరదలిది. "పాపం చెల్లి అలిసిపోయింది, కాసేపు కూర్చుందాం" అనేది. చెల్లెలు వెంటనే "ఎవరికీ?" అనేది, ఆమె మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. వేళాకోళం మాత్రం ఇంకా నాలిక చివరే ఉంది.

మేస్త్రీ మిగతా మెట్లు దిగి, కుక్కను వీధి పక్కకు తీసుకెళ్ళి, పని అయ్యాక కింద తన బైండింగు షాపులోకి తెచ్చి కటింగు మిషను పక్కన గోనెసంచుల మీద పడుకోబెట్టాడు. నెల కిందట అది జారింది అక్కడే. నేల మీద పడిన నున్నటి కాగితం కత్తిరింపుల మీద కాలు పెట్టి, కుయ్‌మని ఒక్క అరుపు అరిచింది. మోకాలి లోపలి లిగమెంటు తెగిందని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చెయ్యాలంది, ఆలస్యమైతే బరువంతా మోస్తున్న రెండో కాలు కూడా పోతుందంది. ఖర్చు ఆరు నెలల సంపాదన. ఇన్సూరెన్సు ఉందిగా అన్నాడు మేస్త్రీ. కంపెనీవాళ్ళు ముందుగా మంజూరు చేస్తేనే డబ్బు వస్తుందంటే, కాగితాలు పంపించి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. ఆపరేషన్ శనివారం.

పోస్టులో వచ్చిన కవరు బల్ల మీద ఉంది. మరదలే తీసుకుని పెట్టినట్టుంది. బరువు చూస్తేనే లోపల చాలా కాగితాలున్నాయని అర్థమైంది. కొస చింపకుండా, అట్టలు కోసే కత్తితో తెరిచాడు.

పైన ఒక ఉత్తరం. "సదరు పెంపుడు జంతువునకు కుడికాలి సమస్య పాలసీ ప్రారంభ తేదీకి పూర్వము నుండియే ఉన్నట్లు, మీరు సమర్పించిన పుస్తకము వలన తెలియుచున్నందున, మీ క్లెయిము తిరస్కరించడమైనది." కింద భార్య రాసిన పుస్తకం తాలూకు జిరాక్సు పేజీలు. వాటిలో చాలా వాక్యాల మీద పసుపు రంగు పూసి ఉంది.

ఆ పుస్తకాన్ని కుట్టింది మేస్త్రీయే. బొగ్గు పిల్లగా ఉన్నప్పుడు కడుపు జబ్బు చేస్తే, ఏం తిందో ఎలా ఉందో రోజూ రాసిపెట్టమంది డాక్టరమ్మ. జబ్బు వారంలో తగ్గింది, రాత ఏడేళ్ళు సాగింది. షాపులో మిగిలిన మంచి కాగితం మడిచి, పదహారేసి పేజీల ఫారాలుగా పేర్చి కుట్టి, అట్ట వేసి ఇచ్చేవాడు. ఒకటి నిండితే ఇంకొకటి. క్లెయిము ఫారంలో "జంతువు గత ఆరోగ్య వివరాలు, ఉన్నచో" అని ఒక గడి ఉంటే, అందరిలా ఖాళీగా వదిలెయ్యకుండా చివరి పుస్తకం మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా జిరాక్సు తీయించి జత చేశాడు. ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్ళని తెలిస్తే వాళ్ళకూ నమ్మకం కలుగుతుందనుకున్నాడు. కొంచెం గర్వం కూడా లేకపోలేదు.

మరదలు ఉత్తరం రెండుసార్లు చదివింది. "అడగని కాగితాలు మోసుకెళ్ళి ఇచ్చింది ఎవరు బావా? దొంగకి తాళంచెవి ఇచ్చి, పైగా దారి కూడా చూపించావు."

"ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను."

"అదే అంటున్నా."

ఫోను చేస్తే మొదట ఒక యంత్రం మాట్లాడింది. మీ కాలు మాకెంతో విలువైనదంది. కుక్క అయితే రెండు నొక్కమంది, పిల్లి అయితే మూడు. మేస్త్రీ జిగురు చేతులు తుడుచుకుని రెండు నొక్కాడు. పావుగంట పాటు ఒకే సంగీతం వినిపించింది. ఈలోగా ఎడంచేత్తో ఫోను చెవికి ఆనించుకుని కుడిచేత్తో ఒక రిజిస్టరు వెన్నుకు జిగురు పూశాడు. ఆఖరికి ఒక మనిషి గొంతు వచ్చింది, ఆడగొంతు, మర్యాదగా ఉంది.

"సార్, మీ పాలసీ మొదలై ఎనిమిది నెలలేనండి."

"అయిదేళ్ళ నుంచి కడుతున్నామమ్మా."

"నిజమే సార్. కానీ పోయినసారి పదకొండు రోజులు ఆలస్యంగా కట్టారు. అందుకని పాతది రద్దయిపోయి కొత్తది మొదలైంది. కొత్త పాలసీకి ముందున్న జబ్బులకి వర్తించదు సార్."

"ఆ పదకొండు రోజులూ..." అన్నాడు మేస్త్రీ.

"చెప్పండి సార్."

"ఏం లేదమ్మా."

మరదలు ఫోను లాక్కుంది. "ఏమ్మా, ఆ వారం మా అక్క పోయింది. ఇంట్లో మనిషి పోతే, ముందు మీ డబ్బు కట్టొచ్చి తర్వాత ఏడవాలా? ఈ పదకొండు రోజుల్లో మా కుక్క చచ్చి మళ్ళీ పుట్టిందా, కొత్త పాలసీ అంటున్నారు?"

అవతలి ఆవిడ కాగితం చూసి చదువుతున్నట్టు, "మీకు మా ప్రగాఢ సానుభూతి మేడం. ఇంకేమైనా సహాయం కావాలా మేడం?" అంది.

"కావాలి. సానుభూతి కాకుండా ఇంకేముంటే అది ఇవ్వండి."

ఏడు రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చట. కాలు ముందు నుంచి బాగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం తీసుకుని నేరుగా ఆఫీసుకే రావాలట. మరదలు ఫోను పెట్టేసి కటింగు మిషను వైపు చూసింది. దాన్ని కొంటానని పక్క వీధి ప్రెస్సువాడు రెండేళ్ళుగా అడుగుతున్నాడు. ఆమె చూపు మేస్త్రీ కనిపెట్టాడు. కనిపెట్టనట్టే జిగురు బ్రష్షు నీళ్ళలో వేశాడు.

బుధవారం ఆసుపత్రిలో బల్ల మీద బొగ్గును నిలబెట్టి, డాక్టరమ్మ మోకాలి చుట్టూ రెండు బొటనవేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది. ఉత్తరం సంగతి విని, లోపలికి వెళ్ళి పాత కేసు షీట్ల కట్ట తెచ్చింది. వేలికి తడి చేసుకుని కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"ఇదిగో. పదమూడు నెలల కిందట మీరిద్దరూ తీసుకొచ్చారు. కుడికాలు కుంటుతోందన్నారు. ఎక్స్‌రే తీశాను, రక్తం పరీక్ష కూడా చేశాను. 'దోషం ఏమీ లేదు' అని నేనే రాశాను. ఇది చాలు, మీ నెత్తిన పాలు పోసినట్టే. రాసిచ్చేస్తాను."

మేస్త్రీకి ఆ రోజు గుర్తుంది. తను కుక్క తాడు పట్టుకుని ముందు నడిచాడు. భార్య వెనక నుంచి వచ్చింది. రెండుసార్లు వెనక్కి తిరిగి, త్వరగా రమ్మన్నాడు.

డాక్టరమ్మ కాగితం రాయబోతూ, "వాళ్ళు రంగు పూసినవి కూడా ఒకసారి చూద్దాం, తర్వాత ఇంకో కొర్రీ వెయ్యకుండా" అని జిరాక్సు పేజీలు ముందుకు లాక్కుంది. చదువుతూ పోతోంది. ఒక పేజీ దగ్గర ఆమె కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"ఈ నొప్పి మాత్ర ఎవరు చెప్పారు? 'బొగ్గుకి మాత్ర వేశాను, తగ్గలేదు, ఇంకోటి వేశాను.' రోజుకి మూడు చొప్పున తొమ్మిది రోజులు."

"మందుల షాపులో కొన్నదే. ఇంట్లో ఉండేది."

"ఇది మనుషుల మాత్ర. కుక్కకి విషం. మొదటి నెలలోనే మేడంకి చెప్పాను. ఆవిడ ఎర్రసిరాతో రాసుకున్నారు కూడా." వేలు తేదీ మీద పెట్టి, పక్కనున్న కేసు షీటు మీది తేదీతో పోల్చి చూసింది. "నా దగ్గరికి వచ్చింది ఈ తొమ్మిది రోజుల తర్వాతే. రక్తంలో ఏ తేడా లేదు. ఇన్ని మాత్రలు మింగిన కుక్క నా బల్ల దాకా నడిచి రాదు మేస్త్రీగారూ. ఇవి బొగ్గు మింగలేదు."

"మరెవరు..." అన్నాడు మేస్త్రీ. 

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది, మళ్ళీ తీసింది.

"ఆ రోజు మీరు బిల్లు కట్టడానికి బయటికి వెళ్ళారు. ఆవిడ ఆ కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయారు. రెండోసారి నేను చెయ్యిచ్చాను. ఏమైందమ్మా అంటే, రాత్రంతా ఇది నన్ను పడుకోనివ్వలేదు డాక్టరుగారూ అన్నారు. నవ్వారు." కేసు షీట్లు కట్టలో సర్దింది. "నేను మళ్ళీ అడగలేదు. అడగాల్సింది."

మేస్త్రీ జిరాక్సు కాగితాలు అంచులు కలిపి, బల్ల మీద తట్టి, రెండుగా మడిచి, మడత మీద గోరు పెట్టి గీశాడు. అవసరం లేకపోయినా ఇంకోసారి గీశాడు. కుక్క ఆయన మోచేతిని వాసన చూసింది.

మధ్యాహ్నం షాపు తలుపు సగం దించి పైకి వెళ్ళాడు. అలమరలోంచి అసలు పుస్తకం తీశాడు. మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ సంచిలోంచి భార్య ఆసుపత్రి కాగితాలు తీశాడు. రెండూ నేల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బొగ్గు గడ్డం తెచ్చి ఆయన మడమ మీద పెట్టింది.

ఆసుపత్రి కాగితం మొదటి పేజీలో, "కుడి తొడలో నొప్పి, పది రోజులుగా" అని ఉంది. పెద్ద డాక్టరు రెండుసార్లు అడిగాడు. పక్కనే ఉన్నాడు తను. పది రోజులే అంది ఆమె, రెండుసార్లూ. తర్వాత వరండాలో ఆ డాక్టరు తనను ఒక్కణ్ణీ పిలిచి, జబ్బు ఎముకను ఇంత తిన్నాక తెచ్చారేమిటి, మూడు నెలల ముందు వచ్చుంటే దారి వేరేగా ఉండేదన్నాడు.

పుస్తకంలో నొప్పి మొదలైంది ఆ తేదీకి మూడున్నర నెలల ముందు. అంతకు ముందు పేజీల్లో, "బొగ్గు రెండు పూటలా తిన్నది. కాకిని తరిమింది" లాంటివి. తర్వాత, "బొగ్గుకి కుడికాలు బాగాలేదు." "బొగ్గు పక్క మీద ఎటు తిరిగినా పోటు." "బొగ్గుకి పొద్దున లేవాలంటే భయం." అదే గుండ్రటి చేతిరాత. కొట్టివేతలు లేవు.

వాటిని మేస్త్రీ అప్పుడే చదివాడు. సెలవు రోజున టీ తాగుతూ పుస్తకం తిరగెయ్యడం ఆయన అలవాటు. చదివి, "బొగ్గుకి కాలు నొప్పిలా ఉందే" అన్నాడు. "అవును, పాపం" అంది ఆమె. "చూపిద్దాం" అన్నాడు. చూపించాడు కూడా. కుక్కకు ఎక్స్‌రే తీయించాడు. ఏమీ లేదంటే, హమ్మయ్య అని ఆ సాయంత్రం ఇద్దరికీ మిఠాయి తెచ్చాడు.

ఒక పేజీ తిప్పాడు. జిరాక్సులో ఆ పేజీలో మూడు వాక్యాల మీద ఎడతెగకుండా పసుపు పూసి ఉంది. "బొగ్గు నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. రెయిలింగు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఎవరూ చూడలేదు."

మేస్త్రీ పుస్తకం మూసి అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. కొత్తగా అంటించిన అట్ట లేవకుండా అదిమి పట్టినట్టు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం మరదలు అన్నం గిన్నె తెచ్చింది. "షాపు సగం మూసి ఏం చేస్తున్నావు? డాక్టరమ్మ ఏమంది?" అని అడుగుతూనే ఆయన మొహం చూసి, గిన్నె కింద పెట్టి, ఆయన చూపించిన పేజీ తీసుకుంది. నిలబడే చదివింది. తర్వాత కూర్చుంది. తర్వాత ముందు పేజీలకు వెళ్ళింది.

"కుక్క రెయిలింగు పట్టుకుంటుందా బావా?" అంది.

"పట్టుకోదు."

"నువ్వు చదివావా ఇది? అప్పుడు?"

"చదివాను."

ఆమె తన భుజం మీది గుండుసూదులు ఒక్కొక్కటే పీకి అరచేతిలో పోసుకుంది. మళ్ళీ ఒక్కొక్కటే గుచ్చుకుంది.

"నాకూ చెప్పలేదు. ఎవరికీ, ఎవరికీ అని నేను ఆట పట్టిస్తూనే ఉన్నా. నవ్వుతూనే ఉంది."

"రేపు ఆఫీసుకు తీసుకెళ్తాను" అన్నాడు మేస్త్రీ.

"ఏది?"

"రెండూ. ఈ పుస్తకం, ఆసుపత్రి కాగితాలు. తేదీలు కలిపి చూస్తే తెలిసిపోతుంది."

"అక్క కన్నతల్లికి కూడా చెప్పకుండా కడుపులో దాచుకుంది బావా. దాన్ని పట్టుకెళ్ళి ముక్కూమొహం తెలియనివాళ్ళ బల్ల మీద పరుస్తావా?"

"ఇరవై రెండు రోజులుగా వాళ్ళ బల్ల మీదే ఉంది. రంగు కూడా పూశారు."

"అది కుక్క పేరు మీద ఉంది. నువ్వు చెప్తే అక్క పేరు మీద ఉంటుంది. ఆ మిషను అమ్మెయ్. మిగతాది నేను ఎలాగోలా సర్దుతా."

"మిషను అమ్మి రిజిస్టర్లు పళ్ళతో కొరకనా? పై నెల నుంచి దీనికి తిండెక్కడిది?"

బొగ్గు తన మాట వచ్చిందని గ్రహించినట్టు తల ఎత్తింది. లేవబోయి, కుడికాలు ఆనించి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ కూర్చుంది. ఇద్దరూ చూశారు.

"ఇది కూడా అదే నేర్చుకుంది" అంది మరదలు. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నేను మాత్రం రాను. నాకు వినే ఓపిక లేదు. తీసుకెళ్తే నువ్వే తీసుకెళ్ళు." తలుపు దగ్గర ఆగింది. "అన్నం చల్లారిపోతుంది. తిను."

గురువారం ఆఫీసులో ఆయన టోకెను నంబరు అరవై ఒకటి. కౌంటరు వెనక కూర్చున్నావిడకు యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు గొలుసుతో మెడకు వేలాడుతోంది. కలాల డబ్బాలో రెండు పసుపు రంగు కలాలున్నాయి. మేస్త్రీ కళ్ళు ముందు వాటి మీదే పడ్డాయి.

ఆవిడ డాక్టరమ్మ ఇచ్చిన కాగితం చదివింది. "కాలు బాగానే ఉందని రాశారు, మంచిదే. కానీ మీ మిసెస్ స్వయంగా రాసిన పుస్తకంలో ఇరవై మూడు చోట్ల నొప్పి అని ఉంది. మాత్రలు వేశానని ఉంది. వెయ్యలేదని డాక్టరు ఎలా చెప్తారు? ఆవిడనే వచ్చి ఒక స్టేట్‌మెంటు ఇమ్మనండి."

"ఆవిడ లేరండి."

"ఎప్పుడొస్తారు?"

మేస్త్రీ సంచిలోంచి మరణ ధ్రువపత్రం తీసి, కాగితం అంచు బల్ల అంచుకు సమంగా వచ్చేలా పెట్టాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, తీసేసింది. "అయ్యో. నేను చూసుకోలేదండి. ఏమీ అనుకోకండి."

"ఈ లైను చదవండి" అన్నాడు. "మీవాళ్ళు రంగు పూసిందే."

"రంగు పూసేది మేము కాదండి, పై అంతస్తులో..." అంటూనే ఆవిడ పేజీ దగ్గరికి లాక్కుంది. కాగితాలు రోజంతా చదివేవాళ్ళలా పెదవులు కదుపుతూ వేగంగా చదివింది. రెండో వాక్యం సగంలో పెదవులు ఆగాయి. మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి నెమ్మదిగా. మూడో వాక్యం దగ్గర చాలాసేపు ఉండిపోయింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

ఆవిడ అడగకుండానే మేస్త్రీ ఆసుపత్రి కాగితాలు పక్కన పెట్టాడు. ఆవిడ తేదీలు చూసింది. గొంతు తగ్గించి, "ఈ మాట మీరు రాసివ్వాలండి. లేకపోతే పైకి పంపలేను" అని ఒక తెల్ల కాగితం ఇచ్చింది. "రాసుకోండి, చెప్తాను. 'పై పుస్తకమునందు పేర్కొనిన లక్షణములు...'"

"నేను రాస్తాను" అన్నాడు మేస్త్రీ.

కౌంటరు చివర నిలబడి రాశాడు. నాలుగే వాక్యాలు. చదివి చూసుకోకుండా ఇచ్చేశాడు.

"ఈ పుస్తకంలో కుక్క పేరుతో రాసిన నొప్పులు కుక్కవి కావు. నా భార్యవి. ఆ రోజుల్లో ఈ పుస్తకం నేను చదివాను. చదివి, కుక్కను డాక్టరుకు చూపించాను."

ఆవిడ కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. "చివరి రెండూ అక్కర్లేదండి. క్లెయిముకి మొదటివి చాలు."

"ఉండనివ్వండి."

"సరే." గుండ్రటి ముద్ర వేసింది. "ఇంకొకటండి... ఒరిజినల్ పుస్తకం ఫైల్లో ఉండాలి. నేను పెట్టిన నిబంధన కాదు. తిరిగి ఇవ్వరు కూడా."

మేస్త్రీ పుస్తకం మీద చెయ్యి వేసి ఉంచాడు. "మొత్తం ఇవ్వలేనండి."

"పోనీ ఆ పేజీల వరకే చించి ఇవ్వండి."

"చించనమ్మా."

జేబులోంచి చిన్న కత్తి తీశాడు. అది చూసి ఆవిడ కొంచెం వెనక్కి జరిగింది. పుస్తకాన్ని వెన్ను విరగకుండా తెరిచి, మధ్యలో దారం కనిపించే మడత వెతుక్కున్నాడు. తను వేసిన ముడే. కత్తి మొన పెట్టి కుట్టు తర్వాత కుట్టు తెంపాడు. రెండు ఫారాలు, ముప్ఫై రెండు పేజీలు, ఒక్క ముడత లేకుండా బయటికి జారాయి. మూడున్నర నెలలు. మిగిలిన ఫారాల దారం వదులైపోకుండా రెండు కొసలూ పట్టి అక్కడే ముడివేశాడు.

ఆవిడ అలవాటు కొద్దీ రంధ్రాలు వేసే పంచింగు మిషను చేతిలోకి తీసుకుంది. పేజీల అంచు దాకా తెచ్చి, ఆగి, పక్కన పెట్టేసింది. సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి పేజీలు అందులో దూర్చింది. ఫైలు మీద ఎర్ర చీటీ ఒకటి అంటించింది. "శనివారమే కదండీ ఆపరేషను. ఇవాళే పంపిస్తాను." తర్వాతి టోకెను నంబరు పిలవడానికి ఆవిడకు కాస్త టైం పట్టింది.

శుక్రవారం సాయంత్రం ఉత్తరం వచ్చింది. మేస్త్రీ జిగురు చేత్తోనే తెరిచాడు. "సమర్పించిన ఆధారములను పరిశీలించిన మీదట, పుస్తకమునందలి లక్షణములు పెంపుడు జంతువునకు సంబంధించినవి కావనియు, పాలసీదారుని భార్యకు సంబంధించినవనియు నిర్ధారించడమైనది. మీ క్లెయిము మంజూరు చేయడమైనది."

డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాడు. ఆమె సంతోషించింది. మరదలికి ఉత్తరం ఇచ్చాడు. ఆమె చదివి, గెలిచావు బావా అనలేదు. "సంబంధించినవనియు" అన్న మాట దగ్గర ఆయన బొటనవేలి జిగురు ముద్ర పడి ఉంటే, దాన్ని గోటితో మెల్లగా గీకి తీసి, కాగితం తిరిగి ఇచ్చింది.

ఆదివారం ఇంట్లో కుక్క లేదు, ఆసుపత్రిలో ఉంది. మేస్త్రీ షాపులో అట్టడుగు అరలో వెతికి, ఆ పుస్తకానికి వాడిన కాగితమే కొంత మిగిలి ఉంటే తీశాడు. రెండు ఫారాలు మడిచి, సరిగ్గా ఖాళీ అయిన చోట పెట్టి, పాత రంధ్రాల్లోంచే దారం పోనిచ్చి కుట్టాడు. బయటి నుంచి చూస్తే పుస్తకం ముందులాగే ఉంది. లోపల తెరిస్తే, కాకిని తరిమిన రోజు తర్వాత ముప్ఫై రెండు తెల్ల పేజీలు.

సోమవారం బొగ్గును ఇంటికి తెచ్చారు. కుడికాలంతా కట్టు, మెడ చుట్టూ పెద్ద ప్లాస్టిక్ గరాటా. ఆటోలోంచి దింపుతుంటే మరదలు, "అచ్చం గ్రామఫోనులా ఉన్నావే" అంది. మందుల సంచి ఆమె పట్టుకుంది. మేస్త్రీ పట్టీ భుజాన వేసుకుని కుక్కను ఎత్తాడు. గరాటా ఆయన చెవికి కొట్టుకుంది.

ఒకటి. రెండు. మూడు.

నాలుగో మెట్టు మీద ఆగిపోయాడు. నడుములో ఏదో పట్టేసినట్టయి, ఊపిరి సగంలో నిలిచింది. ఎడం చెయ్యి దానంతటదే వెళ్ళి రెయిలింగు పట్టుకుంది. ఇనుము చల్లగా ఉంది. ఆ చోట రంగు పోయి నున్నగా ఉంది.

"ఏమైంది బావా?" అంది మరదలు వెనక నుంచి.

"నొప్పిగా ఉంది."

"ఎవరికీ..." అని నోటివెంట వచ్చేసింది. ఆమె చప్పున ఆగింది.

కుక్క గరాటాలోంచి మేస్త్రీ మొహం వైపు చూస్తోంది.

"నాకు" అన్నాడు.

మరదలు సంచి మెట్టు మీద పెట్టింది. పక్కకు వచ్చి, కుక్క ఛాతీ కింద తన చేతులు దూర్చి బరువు తన మీదికి తీసుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

పది రోజులు అనబోయాడు.

"నెల దాటింది" అన్నాడు.